నిప్పురవ్వను నమ్ముకున్న మనిషి – రాబర్ట్ బాష్

1886 వేసవిలో జర్మనీలోని నెకార్ నది మీద, స్టుట్‌గార్ట్ నగరాన్ని ఆనుకుని ఉన్న కాన్‌స్టాట్ దగ్గర, ఒక చిన్న పడవ తెడ్డూ తెరచాపా లేకుండా నడిచింది. అందులో ఉన్నది గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి తయారుచేసిన పెట్రోలు ఇంజను. పెట్రోలంటే ఆ రోజుల్లో జనానికి హడలు. ఎప్పుడు పేలుతుందో ఎవరిని పొట్టన పెట్టుకుంటుందో అని భయం. అంచేత డైమ్లరు చిన్న గారడీ చేశాడు. పడవ చుట్టూ తీగలు లాగి, మధ్య మధ్య పింగాణీ బుడిపెలు బిగించి, ఇది కరెంటు పడవ కాబోలు అని ఒడ్డున ఉన్నవాళ్ళు అనుకునేలా చేశాడు. నిజానికి ఆ ఇంజనులో కరెంటు అన్న మాటే లేదు. సిలిండరులోకి తెరుచుకుని ఉన్న ఒక సన్నని గొట్టాన్ని బయటినుంచి మంటతో ఎర్రగా కాల్చేవారు. ఆ వేడికి లోపలి పెట్రోలు ఆవిరి అంటుకునేది. అంటే నీళ్ళ మీద ఊగే పడవలో, పెట్రోలు డబ్బా పక్కనే, ఆరకుండా మండే ఒక దీపం! జనం భయపడింది ఊరికే కాదు మరి.

అదే సంవత్సరం నవంబరు 15న, అక్కడికి ఎంతో దూరం కాని స్టుట్‌గార్ట్ నగరంలో, ఒక ఇంటి వెనక భాగం అద్దెకు తీసుకుని ఇరవై అయిదేళ్ళ యువకుడొకడు చిన్న వర్క్‌షాపు తెరిచాడు. పనివాళ్ళు ఇద్దరు: ఒక మెకానిక్కు, ఒక కుర్రాడు. ఆ యువకుడి పేరు రాబర్ట్ బాష్. డైమ్లరు పడవమీద నటించిన కరెంటును నిజంగానే ఇంజను పొట్టలోకి దింపే పని చివరికి ఈయన చేతికే వచ్చింది. అందుకు పదహారేళ్ళు పట్టింది.

ఇవాళ మన రుషికొండ తీరాన నీళ్ళను చీల్చుకుంటూ పోయే వాటర్ స్కూటరు గాని, కాలేజీ స్టాండులో ఎండకు మాడుతున్న మన మోటారు సైకిళ్ళు గాని కదలాలంటే ఆ రవ్వ పడాలి. రవ్వ పడే చోటు బొటనవేలంత ఉండే స్పార్క్ ప్లగ్గు. బండి మొరాయిస్తే మెకానిక్కు మొదట విప్పేది దాన్నే. విప్పి, వెలుతురుకేసి తిప్పి చూసి, ఇంజను రోగం చెప్పేస్తాడు. ఆ ప్లగ్గుమీద అచ్చయిన పేరుగల మనిషి ఎవరు, ఎలా బతికాడు అని మనం అడగడం తక్కువ. అడగదగ్గ జీవితమే అది. అందులో మెచ్చుకోవలసింది చాలా ఉంది. మింగుడుపడనిదీ కొంత ఉంది.

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబరు 23న ఉల్మ్ పట్టణం దగ్గర ఆల్బెక్ అనే పల్లెలో పుట్టాడు. పన్నెండుమంది పిల్లల్లో పదకొండోవాడు. తండ్రి సర్వేషియస్ బాష్ సొంత భూములున్న రైతు, పైగా బాటసారులకు సత్రం నడిపేవాడు. పల్లెటూరివాడైనా పుస్తకాలు చదివినవాడు, అధికారులకు తల వంచే రకం కాదు. కొడుకుకు ఆ మొండితనం బాగానే అబ్బింది. పిల్లవాడి మనసు మాత్రం యంత్రాలమీద లేదు, చెట్లమీద, జంతువులమీద ఉండేది. వృక్షశాస్త్రం చదువుదామనుకున్నాడట. చదువులో పెద్దగా రాణించకపోయేసరికి తండ్రి ఒక రోజు మెకానిక్కు పని నేర్చుకుంటావా అని అడిగాడు. సరేనన్నాడు. అంతే! ఒక్క సరే మీద జీవితాలు ఎటు తిరుగుతాయో చూడండి.

1876 నుంచి మూడేళ్ళు ఉల్మ్‌లో ఒక సూక్ష్మయంత్రాల మేస్త్రీ దగ్గర శిష్యరికం చేశాడు. ఆ గురువు కొట్టులో కనబడేది తక్కువ. పని చెప్పి నేర్పినవాడు లేడు. ఆ మూడేళ్ళూ వృథా అయ్యాయన్న బాధ ఆయనకు ముసలితనం దాకా పోలేదు. కోట్లకు పడగెత్తాక, 1913లో, తన ఫ్యాక్టరీలో కుర్రవాళ్ళకు పని నేర్పడానికి ప్రత్యేకంగా ఒక శిక్షణ విభాగమే పెట్టించాడు. మన దగ్గర ఐ.టి.ఐ. కుర్రాళ్ళను అప్రెంటిసు పేరుతో టీలు తెమ్మని పంపే యజమానులు ఈ సంగతి తెలుసుకోవాలి.

శిష్యరికం అయ్యాక ఊళ్ళు తిరగడం మొదలెట్టాడు. ఆ రోజుల్లో జర్మనీ పనివాళ్ళకు అదో ఆచారం. 1883లో స్టుట్‌గార్ట్ పాలిటెక్నిక్‌లో చేరాడు, అదీ రెగ్యులరు విద్యార్థిగా కాదు, కొన్నాళ్ళు వచ్చి పాఠాలు వినిపోయే శ్రోతగా. చేతిపని తెలిసినవాడికి పుస్తకంలోని పెద్ద పెద్ద మాటలంటే ఉండే బెదురు పోగొట్టుకోవడానికే వెళ్ళానని తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. డిగ్రీ లేదు, పట్టా లేదు. ఆ బెదురు మాత్రం పోయింది.

1884లో అమెరికా ఓడ ఎక్కాడు. న్యూయార్కులో ఎడిసన్‌తో కలిసి వ్యాపారం చేస్తున్న బెర్గ్‌మన్ వర్క్‌షాపులో పనిచేశాడు. పని ఉన్నన్నాళ్ళు కూలి, లేకపోతే వీధిలోకి. అక్కడే నైట్స్ ఆఫ్ లేబర్ అనే కార్మిక సంఘంలో సభ్యుడయ్యాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో సీమెన్స్ సోదరుల కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, స్వదేశం వచ్చి, తండ్రి వదిలిన ఆస్తిలో తన వాటాగా వచ్చిన పదివేల మార్కులతో పైన చెప్పిన వర్క్‌షాపు తెరిచాడు. మరుసటి సంవత్సరం ఆనా కైజర్‌ను పెళ్ళి చేసుకున్నాడు.

తొలి రోజుల్లో ఏ పని దొరికితే ఆ పని. ఇళ్ళలో గంటలు బిగించడం, టెలిఫోన్లు బాగుచేయడం, పిడుగు తీగలు పరీక్షించడం. గిరాకీల ఇళ్ళకు సైకిలు మీద తిరిగేవాడు. స్టుట్‌గార్టులో సైకిలు అప్పటికి వింతే. 1890ల మొదట్లో పనులు ఒక్కసారిగా ఎండిపోయి, ఉన్న పనివాళ్ళలో దాదాపు అందరినీ పంపెయ్యవలసి వచ్చింది. అప్పులు, అమ్మ పంపిన డబ్బు, మళ్ళీ అప్పులు. పదేళ్ళు ఈ దుకాణం నిలుస్తుందా అన్నది రోజూ ప్రశ్నే.

దాన్ని నిలబెట్టినది 1887లో అనుకోకుండా వచ్చిన ఒక ఆర్డరు. ఒక చిన్న యంత్రాల తయారీదారు వచ్చి, డాయిట్జ్ కంపెనీ గ్యాసు ఇంజన్లకు వాడే మాగ్నెటో వంటిది నాకూ ఒకటి చేసివ్వగలవా అన్నాడు. బాష్ పక్క ఊళ్ళో ఉన్న అలాంటి యంత్రాన్ని వెళ్ళి చూశాడు. దానిమీద పేటెంటు ఉందా అని డాయిట్జ్ వాళ్ళకు ఉత్తరం రాశాడు. లేదని తేలాకనే చేతులు పెట్టాడు. చూసి చేసినా ఉన్నదున్నట్టు చెయ్యలేదు, అయస్కాంతాల ఆకారం దగ్గరనుంచి బాగుచేశాడు. అదే ఆయన పద్ధతి. ఆయన గొప్ప ఆవిష్కర్త అని కొందరు రాస్తారు గాని అది సరికాదు. ఏ వస్తువుకు భవిష్యత్తు ఉందో, ఎవడి చేతిలో ఏ విద్య ఉందో కనిపెట్టడంలో ఆయన దిట్ట. 1896 నాటికి వెయ్యో మాగ్నెటో తయారయింది.

మాగ్నెటో అంటే బ్యాటరీ అక్కర్లేకుండా, ఇంజను తిరుగుడుతోనే తన కరెంటు తానే పుట్టించుకునే పరికరం. అప్పటివరకు అది ఒక చోట కదలకుండా నిలబడి, నిమిషానికి కొద్ది వందల చుట్లు మాత్రమే తిరిగే పెద్ద ఇంజన్లకు సరిపోయేది. 1897లో ఇంగ్లండు వ్యాపారి ఫ్రెడరిక్ సిమ్స్ ఒక డీ డియాన్ మూడు చక్రాల మోటారు బండిని తెచ్చి, దీనికి మీ మాగ్నెటో పెట్టగలరా అన్నాడు. దాని ఇంజను నిమిషానికి పదిహేను వందల చుట్లు దాటి తిరుగుతుంది. బాష్ దగ్గరి పర్యవేక్షకుడు ఆర్నాల్డ్ జేరింగర్ ఒక ఉపాయం పన్నాడు. బరువైన ఆర్మెచరును ఊపడం మానేసి, దాని చుట్టూ తేలికపాటి లోహపు తొడుగు ఒకటి ఊగేలా చేశాడు. బండి నడిచింది. 1900లో జెప్లిన్ ప్రభువు తొలి గగననౌకకు బిగించిన డైమ్లరు ఇంజన్లలోనూ బాష్ మాగ్నెటోలే రవ్వ కొట్టాయి. పైన హైడ్రోజను సంచులు పెట్టుకుని కింద మంటతో గొట్టం కాల్చడం ఎవడికి ధైర్యం?

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. ఈ మాగ్నెటోది తక్కువ ఓల్టేజీ. రవ్వ పుట్టాలంటే సిలిండరు లోపల రెండు లోహపు ముక్కలు తాకి, సరిగ్గా సమయానికి విడిపోవాలి. వాటిని కదపడానికి బయటినుంచి కడ్డీలు, మీటలు, స్ప్రింగులు. అవి అరిగేవి, వదులయ్యేవి, పట్టేసేవి. వేగం పెరిగినకొద్దీ తంటా పెరిగేది. ఆ కడ్డీలు లేకుండా చెయ్యండి అని మోటారు కంపెనీల గోల. 1901లో బాష్ ఆ పనిని గాట్లాబ్ హోనాల్డ్ అనే ఇంజనీరుకు అప్పగించాడు.

ఈ హోనాల్డ్ కథ మన విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బడి పంతులు కొడుకు. చిన్నతనంలో బాష్ దగ్గరే పని నేర్చుకున్నాడు. తర్వాత వెళ్ళి స్టుట్‌గార్టులో ఇంజనీరింగు చదివి, తిరిగి అదే వర్క్‌షాపుకు వచ్చాడు. అప్పటికి వయసు ఇరవై అయిదు. యజమాని వర్క్‌షాపు తెరిచినప్పటి వయసూ అదే. కొద్ది నెలల్లోనే ఆయన నమూనా తయారుచేసి చూపించాడు. ఆర్మెచరు మీద ఒక చుట్టకు బదులు రెండు చుట్టలు: ఒకటి మందపాటి తీగతో కొద్ది చుట్లు, రెండోది సన్నని తీగతో వేల చుట్లు. మొదటి చుట్టలో పారే కరెంటును సరిగ్గా సమయం చూసి తెంపితే రెండో చుట్టలో వేల ఓల్టులు లేస్తాయి. ఆ ఓల్టులు గాలిలో సన్నని సందును దూకుతాయి. ఇక లోపల కదిలే ముక్కలు అక్కర్లేదు. కదలకుండా ఎదురెదురుగా నిలబడే రెండు మొనలు చాలు. అదే ప్లగ్గు. 1902 జనవరిలో పేటెంటుకు అర్జీ పెట్టారు. ఆ సెప్టెంబరు 24న మొదటి సరుకు డైమ్లరు కంపెనీకి వెళ్ళింది. పదహారేళ్ళ కిందట నెకార్ నది మీద ఉత్తుత్తి తీగలు కట్టిన కంపెనీ మనిషి డైమ్లరు మాత్రం అది చూడలేదు, 1900లోనే పోయాడు.

ప్లగ్గును మొట్టమొదట కనిపెట్టింది బాష్ మనుషులే అనుకుంటే పొరపాటు. 1860లోనే పారిస్‌లో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో పింగాణీ తొడిగిన ప్లగ్గు వాడాడు. కార్ల్ బెంజ్ 1885 నాటి బండిలో బ్యాటరీతో, కాయిలుతో రవ్వ కొట్టించాడు. అయితే ఆ బ్యాటరీలు దారిలోనే ప్రాణం వదిలేవి. నమ్మదగిన మాగ్నెటో, దాని దెబ్బకు తట్టుకునే ప్లగ్గు, రెండూ జతగా అమ్మినవాడు బాష్. హోనాల్డుకు అసలు కష్టం వచ్చింది ప్లగ్గు దగ్గరే. ఓ క్షణం మండే వాయువు, మరుక్షణం చల్లని పెట్రోలు ఆవిరి. నడుమ వేల ఓల్టులు. పింగాణీ పగలకూడదు, కరెంటు పక్కదారి పట్టకూడదు, మొనలు కరిగిపోకూడదు. మంచి పింగాణీ, మంచి లోహం దొరికేదాకా ఆయన మట్టితో, తీగలతో కుస్తీ పడుతూనే ఉన్నాడు.

ఆ కుస్తీ ఎందుకో తెలియాలంటే వాటర్ స్కూటరు ప్లగ్గు విప్పి చూడాలి. రోడ్డుమీద బండికి దిగుడు వస్తుంది, మలుపు వస్తుంది, ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది. నీళ్ళమీద దిగుడు లేదు. తోసే నీరు ఎప్పుడూ బరువే, నడిపేవాడి బొటనవేలు ఎప్పుడూ యాక్సిలరేటరు మీదే. కాబట్టి ప్లగ్గు వేడిని ఎంత తొందరగా హెడ్డుకు పంపించేస్తుంది అన్నది ప్రాణసమానం. వేడిని నిలుపుకునే రకం ప్లగ్గు పెడితే మొన ఎర్రబడి, రవ్వ పడకముందే ఆవిరి అంటుకుని పిస్టను కరుగుతుంది. మరీ చల్లగా ఉండే రకం పెడితే మసి కాలిపోక, పేరుకుని, రవ్వ చస్తుంది. కంపెనీ పుస్తకంలో రాసిన నెంబరే పెట్టాలి అనడం అందుకే. దుకాణంవాడు మర సరిపోయింది కదా అని ఇచ్చింది కాదు.

విప్పే పద్ధతికి కూడా కారణాలున్నాయి. ముందు సీటు ఎత్తి కాసేపు గాలి ఆడనివ్వాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ పొట్టలో అడుగున నిలిచి ఉంటుంది. ఇంజను చల్లారాలి, లేకపోతే అల్యూమినియం హెడ్డులోని మరలు ప్లగ్గుతోపాటే ఊడివస్తాయి. క్యాపును పట్టుకు లాగాలి, వైరు పట్టుకు లాగితే లోపల తెగుతుంది. ప్లగ్గు చుట్టూ చేరిన ఉప్పూ ఇసకా ఊదెయ్యాలి, అవి సిలిండరులో పడితే గీతలే. ఆ తర్వాతే ప్లగ్గు పానా. బయటికి తీశాక పింగాణీ మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిగా, నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు. పాత రెండు స్ట్రోకుల వాటర్ స్కూటర్లలో ఇది మామూలు, ఎందుకంటే అవి పెట్రోలుతోపాటు ఆయిలునూ కాలుస్తాయి. తెల్లగా పొక్కులు లేచి ఉంటే గాలి ఎక్కువో, వేడి ఎక్కువో, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మొనలు గుండ్రంగా అరిగినా, పింగాణీలో వెంట్రుకంత చీలిక కనిపించినా గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ పెట్టడం పిసినారితనం, పారెయ్యడమే. కొత్తదాని గ్యాప్ ఫీలర్ గేజితో చూసి, పుస్తకంలో చెప్పినంత ఉంచాలి. అది ఎప్పుడూ మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే చిన్న దూరమే. మొదట చేత్తోనే మర ఎక్కించాలి, చివరి బిగింపే పానాకు వదలాలి.

స్కూటరు బోర్లాపడి సిలిండరులోకి నీరు వెళ్ళిందనుకోండి, స్టార్టు బటను నొక్కకండి. పిస్టను నీళ్ళను నొక్కలేదు, కనెక్టింగు రాడ్డే వంగుతుంది. ప్లగ్గులన్నీ విప్పి, వాటి వైర్లను ఇంజను లోహానికి ఎర్తు చేసి, మొహం పక్కకు పెట్టుకుని కొద్దిగా తిప్పితే నీళ్ళు ఫౌంటెనులా బయటికి కొడతాయి. వైర్లు ఎర్తు చెయ్యకపోతే ఏమవుతుందంటారా? బయటికొచ్చే పెట్రోలు ఆవిరికి ఆ వైరు చివరి రవ్వే తగులుతుంది. 1886 నాటి జనం భయం అప్పుడు నిజమవుతుంది.

మళ్ళీ బాష్ దగ్గరికి వద్దాం. 1902 తర్వాత ఆయన వ్యాపారం మామూలుగా పెరగలేదు, పొంగింది. 1906లో లక్షో మాగ్నెటో బయటికొచ్చింది. అదే ఏడు ఆయన ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పనిదినం పెట్టాడు. జర్మనీలో అది చట్టమవడానికి ఇంకా పన్నెండేళ్ళుంది. జీతాలు కూడా ఆ చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువ. తోటి యజమానులు మండిపడి ఎర్ర బాష్ అని పేరు పెట్టారు. సోషలిస్టు సిద్ధాంతి కార్ల్ కౌట్‌స్కీతో ఒకప్పుడు ఇరుగుపొరుగు స్నేహం ఉండడంతో ఆ పేరు మరింత అతికింది. ఇదంతా దయాధర్మమేనా? కాదు. ఎనిమిది గంటలైతే యంత్రాలను రెండు షిఫ్టులు నడపవచ్చు, అలసిన చెయ్యి చేసే తప్పులు తగ్గుతాయి. లెక్క కూడా ఉంది. లెక్కా న్యాయమూ ఒకే వైపు ఉన్నప్పుడు ఆ వైపు నడిచేవాళ్ళు కూడా ఆ రోజుల్లో అరుదే.

1913లో మాత్రం ఆ ఫ్యాక్టరీలోనే సమ్మె జరిగింది. వారాలకొద్దీ సాగింది. ఆయన తలుపులు మూసేశాడు. ఇన్నాళ్ళు దూరంగా ఉంచిన యజమానుల సంఘంలో చేరాడు. సంఘంవాళ్ళు ఓడిపోయారు. మేం మంచి జీతం ఇస్తున్నాం కదా, ఇంకా ఎందుకీ గొడవ అన్న మనస్తత్వం యజమాని ఎంత మంచివాడైనా ఎక్కడో ఒకచోట బయటపడుతుందేమో. పనివాడికి కావలసింది జీతమొక్కటే కాదు, తన మాటకు విలువ. న్యూయార్కులో కార్మిక సంఘం కార్డు పట్టుకు తిరిగిన కుర్రవాడికి అది తెలియనిది కాదు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బాష్ సరుకులో సుమారు తొమ్మిది పాళ్ళు విదేశాల్లోనే అమ్ముడుపోయేవి. యుద్ధంతో ఆ దేశాల్లో చాలా శత్రువులయ్యాయి. అమెరికాలోని ఫ్యాక్టరీని అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది. స్వదేశంలో మాత్రం సైన్యం ఆర్డర్లతో లాభాలు వచ్చిపడ్డాయి. ఆ డబ్బు ఇంట్లో ఉంచుకోవడం ఆయనకు ఇష్టంలేకపోయింది. 1916లో నెకార్ నదిని ఓడలు నడిచే కాలువగా మార్చడానికి 1 కోటి 30 లక్షల మార్కులు ఇచ్చాడు. ఇంకా ఇతర ధర్మాలకూ ఇచ్చాడు. యుద్ధపు సొమ్ము నదిలో పోశాడని ఎవరైనా నవ్వవచ్చు. లాభం తీసుకుని ఊరుకున్నవాళ్ళు అంతకన్నా చాలామంది.

ఇంట్లో సుఖం లేదు. వారసుడనుకున్న కొడుకు, తండ్రి పేరే పెట్టుకున్న రాబర్టు, నరాల జబ్బుతో ఏళ్ళ తరబడి తీసుకుని 1921లో చనిపోయాడు. రెండేళ్ళకు హోనాల్డు కూడా పోయాడు, నలభై ఆరేళ్ళకే. ఆర్మెచరును వలయంలో బంధించిన బాష్ కంపెనీ గుర్తు చూశారు కదా, దాన్ని 1918లో గీసింది హోనాల్డే. గుర్తు ఆయనది, పక్కన పేరు యజమానిది. ఆనాతో కాపురం విడాకులతో ముగిసింది. 1927లో బాష్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, అరవై ఆరో ఏట మరో కొడుకు పుట్టాడు. బవేరియాలో బురదనేలలు కొని, నీరు తీయించి, పెద్ద వ్యవసాయ క్షేత్రం చేశాడు. చిన్నప్పటి చెట్ల పిచ్చి అలా తీరింది. హోమియోపతి మీద నమ్మకంతో ఆసుపత్రి కట్టించాడు, అది 1940లో తెరిచారు. కంపెనీ మాగ్నెటో ఒక్కదాన్నే నమ్ముకోకుండా 1927లో డీజిలు ఇంజన్ల పంపు మొదలెట్టింది. ఆ పంపు పెట్టిన ఇంజనుకు ప్లగ్గే అక్కర్లేదు.

ఇప్పుడు మింగుడుపడని భాగం. 1933లో హిట్లరు వచ్చాడు. బాష్ అప్పటికి డెబ్బై దాటినవాడు. ఫ్రాన్సుతో సఖ్యత కోసం, ఐరోపా దేశాల ఐక్యత కోసం ఏళ్ళుగా డబ్బు ఖర్చు పెట్టినవాడు. నాజీలంటే ఆయనకు రోత, పార్టీలో చేరలేదు. కానీ కంపెనీ మూసెయ్యలేదు. సైన్యపు లారీలకు, విమానాలకు కావలసిన ప్లగ్గులు, మాగ్నెటోలు, పంపులు అక్కడే తయారయ్యాయి. లాభాలూ వచ్చాయి. అదే సమయంలో ఆయన కుడిభుజం హన్స్ వాల్జ్, ఇంకొందరు, ఆయనకు తెలిసే, యూదులకు రహస్యంగా డబ్బు అందించారు, దేశం దాటడానికి సాయపడ్డారు. లైప్‌జిగ్ మేయరు పదవి వదిలిన కార్ల్ గోర్డెలర్‌ను 1937లో సలహాదారు అన్న పేరుతో జీతమిచ్చి నిలబెట్టారు. ఆయన అసలు పని హిట్లరును దింపడానికి మనుషులను కూడగట్టడం.

ఒక చేత్తో అలా, ఇంకో చేత్తో ఇలా. రెండూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కప్పిపెట్టడం న్యాయం కాదు. యుద్ధకాలంలో బాష్ ఫ్యాక్టరీల్లో పరదేశాలనుంచి తెచ్చి బలవంతంగా పని చేయించినవాళ్ళు సుమారు 20,000 మంది. బెర్లిన్ పక్కన క్లైన్‌మాఖ్నోలో ఉన్న అనుబంధ కంపెనీకి 1944లో వార్సా స్త్రీలను నిర్బంధ శిబిరంనుంచి తెచ్చి పనిలో పెట్టారు. అది ఆయన పోయాక జరిగినదే, కానీ ఆ ఫ్యాక్టరీ ఆయన ఉండగా కట్టినది. ఎనిమిది గంటల దినం పెట్టిన మనిషి పేరుమీద!

రాబర్ట్ బాష్ 1942 మార్చి 12న స్టుట్‌గార్టులో, చెవిలో మొదలైన జబ్బు ముదిరి, ఎనభయ్యో ఏట చనిపోయాడు. ఆయన ఏవగించుకున్న ప్రభుత్వమే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. శవపేటికకు వద్దనే నోరుండదు కదా. గోర్డెలర్‌ను హిట్లరు మీద హత్యాప్రయత్నం విఫలమయ్యాక పట్టుకుని 1945 ఫిబ్రవరి 2న ఉరితీశారు. వాల్జ్ సంగతి మరీ విచిత్రం. కంపెనీని కాపాడుకోవడానికి నాజీ పార్టీలో పేరు రాయించుకుని, వాళ్ళ పెద్దలతో కలిసి కూచున్నవాడు గనక యుద్ధం ముగియగానే అమెరికన్లు ఆయన్ను నిర్బంధంలో పెట్టారు. 1969లో జెరూసలేంలోని యాద్ వాషెమ్ సంస్థ అదే వాల్జ్‌ను యూదులను ఆదుకున్న పుణ్యాత్ముల జాబితాలో చేర్చింది.

వీలునామాలో బాష్ రాసిన కోరిక మేరకు 1964లో కంపెనీ వాటాల్లో అత్యధిక భాగం ఒక ధర్మసంస్థ చేతికి వెళ్ళింది. ఆసుపత్రి, చదువులు, దేశాల మధ్య స్నేహం దాని పనులు. మన దేశానికి బాష్ సరుకు 1922లోనే కలకత్తా ఏజెంటు ద్వారా వచ్చింది. 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ మొదలైంది. మన పెద్దవాళ్ళ రాజ్‌దూత్‌లకూ లాంబ్రెటాలకూ ఊరూరా మెకానిక్కులు మార్చిన మైకో ప్లగ్గు అదే. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారింది. పాత షెడ్లలో పనిచేసే మేస్త్రీలు కొందరు ఇప్పటికీ ఏ కంపెనీ ప్లగ్గు చేతికిచ్చినా మైకో అనే అంటారు.